కన్యాశుల్కాన్ని పదిమంది కలిసి చదివే పద్ధతి

గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కాన్ని ఒంటరిగా, కళ్లతో మాత్రమే చదివినవారికి అందులో సగమే అందుతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి రంగస్థలం ఎక్కిన ఈ నాటకం మనుషుల మాట మీద నిలబడిన రచన కనుక, ఏడెనిమిది మంది కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదవడమే దానిని చేరడానికి సరైన దారి అని నా దృఢమైన అభిప్రాయం.

మొదట ప్రతిని చూసి ఎంచుకోవాలి. 1897లో అచ్చయిన నాటకం వేరు, దానిని బాగా పెంచి తిరగరాసి 1909లో వెలువరించిన నాటకం వేరు. చదవవలసింది ఏడంకాలున్న రెండవదే. ప్రదర్శనల కోసం కుదించిన ప్రతులు రంగస్థలానికి అవసరమే గాని, ఈ పనికి పనికిరావు. 1955 నాటి సినిమా చూసినవారు దానిని కాసేపు పక్కన పెట్టి కూర్చోవడం మంచిది.

ఒక విడతకు ఒక అంకం చాలు. రంగ సూచనలు చదవడానికి ఒకరిని విడిగా నియమించాలి, లేకపోతే ఎవరు ఎక్కడ దాగారో, ఎవరు చాటుగా వింటున్నారో వినేవారికి తెలియక హాస్యమంతా జారిపోతుంది. మంచం కిందికి రామప్పపంతులు దూరడం, పూటకూళ్లమ్మ రావడం జరిగే మొదటి అంకంలోనే ఈ అవసరం తెలుస్తుంది.

పాత్రల పంపకంలోనే అసలు శ్రద్ధ కావాలి. గిరీశం మాట తెలుగు నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి తెలుగుకూ తడుముకోకుండా దూకుతుంది కాబట్టి, ఆ పాత్ర చదివేవారు ముందుగా ఇంటి దగ్గర సాధన చేసి రావాలి. ఆ ఇంగ్లీషును మధ్యలో ఆగి ఎవరికీ వివరించకూడదు, ఎందుకంటే తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఎదుట గిరీశం శిష్యుడు వెంకటేశం వల్లించే ఇంగ్లీషు ఆయనకు అర్థం కాకపోవడంలోనే ఆ సన్నివేశపు బలం ఉంది. లుబ్ధావధాన్లు ఇంటి అసిరి పాత్రను మాత్రం మన ప్రాంతపు పల్లె మాట పుట్టుకతో వచ్చినవారికే ఇవ్వాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు పెరిగినవారు ఆ మాటలు పలికితే వాటికి ప్రాణం వస్తుంది. యాస రానివారు దానిని వెటకారంగా అనుకరించడం కన్నా, తమ మామూలు గొంతుతో చదవడమే మర్యాద. సారా దుకాణం దగ్గరి సంభాషణను కథకు అడ్డమని వదిలేసేవారు ఉన్నారు. వదలకండి, ఆనాటి సమాజం అక్కడే కళ్లకు కడుతుంది.

వేశ్య అయిన మధురవాణి పాత్రకు తొందరపడని గొంతు కావాలి. ఆమె ఎవరితో మాట్లాడితే వారికి తగ్గట్టు మాట మారుస్తుంది. రామప్పపంతులుతో ఉన్న చమత్కారం, చివరి అంకంలో వకీలు సౌజన్యారావు పంతులు ముందు వాదనగా మారుతుంది. ఆ సంభాషణను కత్తిరించకుండా, నిదానంగా, నవ్వు కోసం చూడకుండా చదవాలి. చదివేవారిలో అందరికన్నా సమర్థులైన ఇద్దరిని ఈ భాగానికే దాచిపెట్టుకోవాలి.

వీలుంటే మొదటి విడతను విజయనగరంలోనే జరపండి, ఎందుకంటే నాటకం తెర లేచేది అక్కడి బొంకులదిబ్బ దగ్గరే. ఏడంకాలూ పూర్తయ్యాక 1897 ప్రతిని తీసి, మధురవాణి కనిపించే చోట్లను రెండింటిలోనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఆ పన్నెండేళ్లలో ఆ పాత్రను గురజాడ ఎంతగా పెంచారో స్పష్టంగా తెలుస్తుంది.