నోట 23, చేతిలో 4: మెషుగా లయ పాఠాలు – 4

స్వీడన్ మెటల్ బృందం మెషుగా పాటల లయను చేత్తో తాళం వేస్తూ, నోటితో మాత్రలు పలుకుతూ నేర్చుకునే పాఠాలివి; మాత్ర అంటే ఇక్కడ బీట్‌లో నాలుగో వంతు. మూడో పాఠంలో 7 మాత్రల ముక్కను మళ్లీ మళ్లీ పలికే దగ్గర చాలామందికి లయ జారింది. మీరు పంపిన రికార్డింగుల్లో తప్పు దాదాపు ఒక్కటే: 'తకదిమి తకిట' అంటూ చివరి 'ట'ను సాగదీసి 7ను 8 చేసేస్తున్నారు. అక్కడ ఊపిరి తీసుకోవడమే కారణం. ఆ కాస్తలో ఒక మాత్ర గడిచిపోతుంది, నోరు వచ్చి చేతి దెబ్బ మీద చక్కగా పడుతుంది, అంతా కుదిరిందనిపిస్తుంది. రెండోసారి 'త' సరిగ్గా దెబ్బ మీద పడిందంటే మీరు 8 పలికినట్టే. ఊపిరి మధ్యలో తీసుకోండి: ఒక 'ది'ని మింగేసి, దాని మాత్రను మాత్రం ఖాళీగా వదలండి. 'ట' తర్వాత ఆగొద్దు.

ఇది సరిదిద్దుకోనిదే ఈ పాఠం ఎక్కదు. 7 అంటే 8కి ఒకటి తక్కువ, ఈ పాఠంలోని 23 అంటే 24కి ఒకటి తక్కువ; రెండూ ఒకే బాపతు.

ఈసారి పాట, మెషుగా 1998లో తెచ్చిన 'కేయోస్ఫియర్' ఆల్బమ్‌లో రెండోది: 'న్యూ మిలీనియం సైనైడ్ క్రైస్ట్'. ప్రధాన రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలో) గిటార్లు, బేస్, కాలితో వాయించే బాస్ డ్రమ్ కలిసి 23 మాత్రల ముక్కను 5 సార్లు వాయించి, 13 మాత్రల తోక తగిలిస్తాయి. 115 + 13 = 128. డ్రమ్మర్ టోమాస్ హాకె చేతులు మాత్రం 4/4 (బార్‌కి 4 బీట్లు) వదలవు: సింబల్ ప్రతి బీట్‌కీ, స్నేర్ డ్రమ్ ప్రతి బార్‌లో మూడో బీట్‌కీ. మొత్తం 8 బార్లు, అంటే ఆది తాళం 4 ఆవర్తనాలు. ఒక ఆవర్తనానికి 8 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక బీట్: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన రెండు ద్రుతాలు (ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక విసురు). మీ చెయ్యి ఆది తాళం వేస్తుంటే స్నేర్ ఉంగరపు వేలి మీదా, రెండో ద్రుతం దెబ్బ మీదా పడాలి.

నోటికి: తకదిమి 5 సార్లు, తకిట ఒకసారి. తోకకి: తకదిమి తకదిమి తకతకిట. ఇది లెక్క నిలబడటానికే, గిటార్ నొక్కులు ఇలా విడిపోవు. అంకెలు మాత్రం పలకొద్దు. 'పదిహేడు', 'ఇరవై రెండు' అనేసరికి మాత్ర దాటిపోతుంది.

రెండో ముక్క మొదటి ఆవర్తనంలో మొదటి ద్రుతం విసురులో 4వ మాత్రకి మొదలవుతుంది. మూడోది రెండో ఆవర్తనం మధ్య వేలి 3వ మాత్రకి, నాలుగోది మూడో ఆవర్తనం చిటికెన వేలి 2వ మాత్రకి. ప్రతిసారీ ఒక్కో మాత్ర వెనక్కి.

ఐదోదే అసలు ఉచ్చు. అది మూడో ఆవర్తనం చివరి విసురులో, సరిగ్గా మొదటి మాత్ర మీద మొదలవుతుంది. పాట మొదలయ్యాక రిఫ్ మొదటిసారి బీట్ మీద దిగింది కాబట్టి చెవి దాన్ని సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) అనుకుంటుంది, చెయ్యి అనుకోకుండానే దెబ్బ వేసేస్తుంది. సమానికి ఇంకా ఒక అక్షరం ఉంది! ఆ అక్షరం ఇక తిరిగి రాదు: 128 పూర్తయి రిఫ్ మళ్లీ మొదలయ్యేసరికి మీరు చిటికెన వేలి మీద ఉంటారు. అప్పుడు 'పాటే తాళం మార్చింది' అంటారు. మార్చలేదు, స్నేర్ వినండి. ఐదో ముక్కకి ఒక్క బీట్ ముందే స్నేర్ మోగుతుంది. నిజమైన సమానికి రెండు బీట్ల ముందు మోగుతుంది. ఈ తేడా చెవికి పట్టేదాకా బాస్ డ్రమ్‌ను అసలు పట్టించుకోకండి. అది గిటార్ పక్షం.

తోక నాలుగో ఆవర్తనం మొదటి ద్రుతం దెబ్బలో 4వ మాత్రకి ఎత్తుకుంటుంది. అక్కడ ఇబ్బంది ఉండదు.

అభ్యాసం: మెట్రోనోమ్ నిమిషానికి 50 దగ్గర పెట్టి, 32 బీట్లకి ఒక్కసారే మోగేలా చెయ్యండి. తాళం వేస్తూ 128 మాత్రలూ నోటితో పలకండి. ఆ మోత 128లో మీ మొదటి 'త' మీద వరసగా 4 సార్లు పడ్డాకే పాట పెట్టండి.