ఎండాకాలం ల్యాబ్ పరీక్షలకు ముందు: వర్చువల్ మెషీన్ల మెమరీ విషయంలో జాగ్రత్తలు

అనంతపురంలో మే నెల వచ్చిందంటే మా ల్యాబ్‌కు రెండు గండాలు కలిసొస్తాయి. ఒకటి ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్, రెండోది సాయంత్రం గాలివానకు పోయే కరెంటు. కరెంటు పోయినప్పటి కన్నా తిరిగొచ్చినప్పుడే మేం ఎక్కువ అవస్థ పడ్డాం. ఒకే సర్వర్ మీద పిల్లలందరికీ వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు) నడిపే మీకు అది రాకూడదని రాస్తున్నాను.

మా సర్వర్‌లో ర్యామ్ 64 జీబీ. ఒక్కో మెషీన్‌కు 3 జీబీ చొప్పున 30 మెషీన్లకు 90 జీబీ రాసిచ్చాం. ఇదంతా కేఎస్ఎమ్ (కెర్నెల్ సేమ్‌పేజ్ మెర్జింగ్) చలవ. 2009లో లినక్స్ 2.6.32తో వచ్చిన ఈ సదుపాయం మెమరీని పేజీలనే 4 కేబీ ముక్కలుగా గాలిస్తుంది. మెషీన్లన్నీ ఒకే టెంప్లేట్ నుంచి తీసినవి కాబట్టి అచ్చం ఒకేలా ఉండే పేజీలు కొల్లలుగా దొరుకుతాయి. వాటిలో ఒక ప్రతి ఉంచి మిగతా చోటు ఖాళీ చేస్తుంది. ఏ మెషీనైనా ఆ పేజీలో ఏదైనా రాయబోతే అప్పటికప్పుడు దానికి సొంత ప్రతి తయారవుతుంది. అందుకే ఇలా మిగిలిన మెమరీని చేబదులుగానే లెక్కేసుకోవాలి. ఎవరు ఎప్పుడు అడిగినా ఇచ్చేయాల్సిందే.

ఒక పరీక్ష మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ నిలవలేదు. కరెంటు రాగానే 30 మెషీన్లూ ఆటోస్టార్ట్‌తో (సర్వర్ ఆన్ కాగానే మెషీన్లను దానంతటదే లేపే సెట్టింగ్) ఒక్కసారిగా లేచాయి. అప్పటికి కలిసిన పేజీ ఒక్కటీ లేదు. కేఎస్ఎమ్ మామూలు సెట్టింగుల్లో 20 మిల్లీసెకన్లకోసారి లేచి 100 పేజీలు చూస్తుంది, అంటే సెకనుకు దాదాపు 20 ఎంబీ. 64 జీబీని ఒకసారి చుట్టి రావడానికే గంట దగ్గర పడుతుంది. పేజీ మారకుండా ఉందని తేల్చుకోవడానికి రెండోసారి కూడా చూడాలి. ఆలోపే ర్యామ్ నిండిపోయింది, స్వాప్‌తో (ర్యామ్ చాలక డిస్క్‌ను మెమరీగా వాడటం) డిస్క్ మొరాయించింది, చివరికి లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ మెషీన్లను ఒక్కొక్కటిగా చంపడం మొదలుపెట్టింది. అలా చంపితే ప్లగ్ పీకేసినట్టే. ఒకే ప్రోగ్రామ్‌ను మూడోసారి మొదటి నుంచి టైప్ చేస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లను నేను మరిచిపోలేదు.

కాబట్టి ముందుగా ఆటోస్టార్ట్ తీసేయండి. తర్వాత కేఎస్ఎమ్ లేదనుకుని లెక్క వేయండి. సర్వర్ సొంతానికి 6 జీబీ పక్కన పెడితే మిగిలేది 58. మూడేసి జీబీల లెక్కన 19 మెషీన్లే పడతాయి. ఆ 19 లేపి, పేజీలు కలిశాకే మిగతా 11 లేపాలి. పరీక్ష రోజు అంత ఆగలేం కదా, అందుకని మేమిప్పుడు పరీక్షకు మాత్రం ఒక్కో మెషీన్‌కు 2 జీబీ కన్నా కాస్త తగ్గించి ఇస్తున్నాం. సీ ప్రోగ్రాములకు అది చాలు. విండోస్ మెషీన్లుంటే ఇంకా జాగ్రత్త: లేచేటప్పుడే తనకిచ్చిన మెమరీ అంతటినీ సున్నాలతో నింపుతుంది కాబట్టి మొత్తం ఒక్కసారే అడుగుతుంది. బెలూన్ డ్రైవర్ (మెషీన్ వాడని మెమరీని సర్వర్‌కు తిరిగిచ్చే సాఫ్ట్‌వేర్) కూడా మెషీన్ పూర్తిగా లేచాకే పనిచేస్తుంది. మొదటి నిమిషాల్లో దాన్ని నమ్ముకోవద్దు.

కేఎస్ఎమ్ ఫోల్డర్‌లో 'రన్' అనే ఫైల్ ఉంటుంది. అందులో 0 రాస్తే గాలింపు ఆగుతుంది, కలిసిన పేజీలు అలాగే ఉంటాయి. 2 రాస్తే కలిసినవన్నీ విడిపోతాయి. ర్యామ్ బిగుతుగా ఉన్నప్పుడు 2 జోలికి పోవద్దు, చేబదులంతా ఒకేసారి తీర్చాల్సి వస్తుంది. పక్కనే 'పేజెస్ షేరింగ్' అనే ఫైల్ ఉంటుంది, రోజూ ఉదయం దాన్ని చూడండి. అందులో 52,42,880 కనిపిస్తే మీరు 20 జీబీ బాకీ మీద నడుస్తున్నట్టు.

ప్రశ్నపత్రాలు, మార్కులు ఉన్న మెషీన్‌ను మాత్రం ఈ పంపకంలోకి రానివ్వొద్దు. కలిసిన పేజీలో రాయడానికి పట్టే అదనపు సమయాన్ని కొలిచి, పక్క మెషీన్ మెమరీలో ఏముందో పసిగట్టవచ్చు. ఈ భయంతోనే వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎమ్‌వేర్ 2014లో మెషీన్ల మధ్య పేజీల పంపకాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, కలిసిన పేజీలో బిట్లనే తిప్పి (0ను 1గా, 1ని 0గా మార్చి) చూపించారు. లిబ్‌వర్ట్ (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపించే సాధనం) వాడేవాళ్లు ప్రశ్నపత్రాలున్న ఆ ఒక్క మెషీన్ సెట్టింగుల్లో 'నోషేర్‌పేజెస్' పెడితే చాలు.

పరీక్షలకు వారం ముందు ఒక ఆదివారం, పిల్లలెవరూ లేనప్పుడు, పరీక్ష మెషీన్లన్నీ నడిపి, అన్నిట్లో కంపైలర్ ఆడిస్తూ ఉండండి. తర్వాత వాటిని బలవంతంగా ఆపేసి, సర్వర్‌ను మామూలుగా ఆపి మళ్లీ ఆన్ చేసి, ఆ మెషీన్లన్నీ లేపండి. లేచేటప్పుడు ఖాళీ ర్యామ్ ఎంత అడుగుకు దిగిందో కాగితం మీద రాసి సర్వర్‌కు అంటించండి. పరీక్ష రోజు "సార్, కరెంటొచ్చింది, అన్నీ ఆన్ చేసేయమంటారా?" అని అటెండర్ అడిగినప్పుడు ఆ కాగితం చూసి జవాబు చెప్పొచ్చు.