ప్లాస్టిక్ ల్యూర్ల పాత రంగు సోడాతో వదిలింది

ల్యూర్ల (చేపలకు ఎరగా వాడే చేప ఆకారపు బొమ్మల) మీద పెచ్చులు లేచిన రంగు తీయడానికి అసిటోన్ జోలికి పోకండి. ల్యూర్‌ని తయారుచేసిన ఏబీఎస్ ప్లాస్టిక్ కూడా రంగుతో పాటే కరిగి జిగటైపోతుంది. నాకు పనికొచ్చింది సోడా బ్లాస్టింగ్, అంటే వంటసోడా పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి రంగు రాల్చడం. బ్లాస్టింగ్‌కి వాడే అల్యూమినియం ఆక్సైడ్ పొడి మరీ గట్టిది, పొలుసుల గీతల్నీ అరగదీస్తుంది. వంటసోడా మెత్తన. కొక్కేలు, రింగులు తీసేసి, కళ్లకూ ముందుండే పారదర్శకమైన లిప్పుకూ (ల్యూర్‌ని నీళ్లలో కిందికి దించే రేకు) టేపు వేశాను. ఆ లిప్పు మసకబారిందా, మళ్లీ మెరుపు తేవడం పెద్ద తలనొప్పి. ఒత్తిడి 30–40 పీఎస్‌ఐ దగ్గరుంచి, నాజిల్‌ని ఏటవాలుగా పట్టి ఆపకుండా కదిపాను. మొప్పల సందుల్లో ఇరుక్కున్న రంగు కూడా పొడిపొడిగా రాలింది. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటే సోడా గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది, ఫిల్టర్ పెట్టుకోండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి రెస్పిరేటర్ (దుమ్మును ఆపే మాస్కు) లేకుండా మొదలుపెట్టొద్దు. తర్వాత నీళ్లతో బాగా కడగాలి. సోడా మిగిలితే కొత్త రంగు పట్టదు.