నొప్పి భుజంలో, తప్పు నడుం బెల్టులో

ట్రెక్కింగ్‌కు బ్యాక్‌ప్యాక్ కొనేటప్పుడు నోట్లోంచి మొదట వచ్చే ప్రశ్న ‘ఎన్ని లీటర్లు?’ వీపు పొడవు గురించి అడిగేవాళ్లు తక్కువ. నేనూ అడగలేదు. నాకు కాళ్లు పొట్టి, వీపు పొడుగు. ఎత్తు చూసుకుని మీడియం సైజు తెచ్చుకున్నాను. నడక మొదలైన రెండో రోజు మధ్యాహ్నానికి భుజాలు కమిలిపోయాయి. పట్టీల్లో మెత్త చాలడం లేదేమోనని తువ్వాలు మడిచి కింద పెట్టుకున్నాను. తువ్వాలు జారిపోయేది గానీ నొప్పి కదిలేది కాదు.

మీ ఇబ్బంది ఏదైనా కింది మొదటి భాగం వదలకండి. మిగతావాటిలో చాలా దాని పిల్లలే.

భుజాలు లాగేస్తున్నాయి, మెడ పట్టేస్తోంది

కారణం: బరువు నడుం మీదికి దిగలేదు. ఫ్రేము, అంటే వీపు వైపు గట్టి చట్రం, ఉన్న పెద్ద బ్యాగులో బరువంతా దాదాపుగా మోయాల్సింది తుంటి ఎముకలు. భుజం పట్టీల పని బ్యాగు వెనక్కి పడకుండా పట్టుకోవడం, అంతే.

ముందు సర్దుబాటు చూడండి. పట్టీలన్నీ వదులు చేసి, సామాను నింపిన బ్యాగును తగిలించుకోండి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడినప్పుడు వేళ్లకు తగిలే ఎముక అంచు ఉంది కదా, బెల్టు మెత్త సరిగ్గా దాని మీద సగం పైకి, సగం కిందికి ఉండేలా బిగించండి. పొట్ట మీద కాదు, ప్యాంటు జేబుల దగ్గరా కాదు. తరువాత భుజం పట్టీలు, ఆ తరువాత భుజం పైనుంచి బ్యాగుకు పోయే చిన్న పట్టీలు, అంటే లోడ్ లిఫ్టర్లు, చివరికి ఛాతీ పట్టీ. ఈ వరస తప్పితే, ముఖ్యంగా భుజం పట్టీలు ముందే బిగిస్తే, బెల్టు పైకి ఎక్కిపోతుంది. ఇప్పుడు భుజం పట్టీలను కాస్త వదలండి. బ్యాగు నడుం మీద అలాగే నిలిస్తే సరే. జారిందంటే బెల్టు వదులుగా ఉందన్నమాట, లేదా ఉండాల్సిన చోటు కంటే కింద ఉంది.

అయినా భుజాలు తగ్గలేదా? అప్పుడు సైజే తప్పు. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక బొడిపెలా పొడుచుకొస్తుంది. అక్కడినుంచి వెన్ను వెంబడి, ఆ తుంటి అంచులు రెంటినీ కలిపే గీత దాకా టేపు పెట్టి ఇంకొకరి చేత కొలిపించుకోండి. అదే మీ వీపు పొడవు. దీనికీ మనిషి ఎత్తుకూ పొంతన ఉండాలని లేదు. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ స్మాల్ కావచ్చు కాబట్టి అక్షరాలు వదిలేసి సెంటీమీటర్లే చూడండి.

బ్యాగు పొట్టిదైతే భుజం పట్టీలు సరిపోయేసరికి బెల్టు పొట్ట మీదికి వచ్చేస్తుంది. లోడ్ లిఫ్టర్లు అడ్డంగా, ఒక్కోసారి కిందికి వాలి ఉంటాయి. నా బాధ ఇదే. పొడుగైతే భుజానికీ పట్టీకీ మధ్య ఖాళీ కనిపిస్తుంది, బెల్టు పిరుదుల మీదికి దిగిపోతుంది. వీపు భాగాన్ని పైకీ కిందికీ జరుపుకొనే వీలున్న బ్యాగైతే రెండు నిమిషాల పని. లేదంటే సైజు మార్చడమే. ఎంత మెత్త అతికించినా పొడవు తప్పు సరికాదు.

ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు ఉంది

బరువైన వస్తువులు వీపుకు దూరంగా ఉన్నాయి. తిండి, నీళ్లు, వంట సామాను వీపుకు ఆనించి, రెండు భుజాల ఎముకల మధ్య ఎత్తులో పెట్టండి. స్లీపింగ్ బ్యాగు అడుగున, బట్టలు బయటి వైపున, చుట్టూ ఖాళీల్లో. నీళ్ల సీసాలను బ్యాగు వెనక జేబులో పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. 2 లీటర్లంటే 2 కిలోలు అక్కడ వేలాడుతున్నట్టే. లోడ్ లిఫ్టర్లు సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. వాటిని మరీ గుంజితే గుంజుడు తగ్గుతుంది గానీ పట్టీ భుజం ముందువైపు నొక్కడం మొదలవుతుంది.

పక్కలకు ఊగుతోందా? బెల్టు దగ్గర రెండు వైపులా ఉండే చిన్న పట్టీలను బిగించండి, సామాను కదలకుండా బ్యాగు పక్క పట్టీలు లాగండి.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, తొడ మొద్దుబారుతోంది

చెయ్యి తిమ్మిరెక్కితే పట్టీ భుజం దగ్గరి నరాలను నొక్కుతోంది. పట్టీలు చంకల్లోకి పోతుంటే ఛాతీ పట్టీతో దగ్గరకు లాగండి. దాన్ని గొంతు కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముకలకు రెండు మూడు సెంటీమీటర్ల కింద పెట్టి, ఊపిరి నిండా పీల్చుకునేంత వదులు ఉంచండి. భుజాలు చిన్నవైనవాళ్లకు, చాలామంది ఆడవాళ్లకు, పట్టీల మధ్య ఎడం తక్కువగా ఉన్న మోడల్ కావాలి. ‘ఆడవాళ్ల బ్యాగు’ అంటే రంగు మార్పు అనుకునేవాళ్లున్నారు. పట్టీల వంపు, బెల్టు ఆకారం వేరు.

తొడ బయటివైపు మొద్దుబారడం బెల్టు పని. తుంటి ముందువైపున పోయే నరాన్ని అది నొక్కుతుంది. కాస్త వదులు చేయండి, గంటకోసారి చోటు మార్చండి, ప్యాంటు బెల్టు, జేబులో ఫోను తీసేయండి. చెయ్యి ఎత్తలేకపోవడం, పట్టు తప్పడం లాంటివి ఉంటే మాత్రం బరువు దించేసి డాక్టరుకు చూపించుకోండి.

తుంటి దగ్గర చర్మం ఒరుసుకుపోతోంది

బెల్టు గట్టిగా ఉందనుకుంటాం గానీ ఎక్కువసార్లు వదులుగా ఉండి కదలడం వల్లే ఒరుసుకుంటుంది. వారాల తరబడి నడిచేవాళ్లు సన్నబడతారు. మొదటి రోజు సరిపోయిన బెల్టు కొన్నాళ్లకు మెత్త చివరలు ముందు కలిసిపోయి ఇక బిగుసుకోదు. అందుకే కొనేటప్పుడే బెల్టు బిగించాక బకిల్‌కు ఇరువైపులా ఖాళీ మిగలాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా మోయలేకపోతున్నాను

తూకం వేయండి. రోజుల తరబడి నడకకు మీ బరువులో ఐదో వంతు దాటకపోవడం మంచిది. 60 కిలోల మనిషికి 12 కిలోలు, నీళ్లు, తిండితో సహా. పెద్ద బ్యాగు ఖాళీగా ఉన్నా 2 కిలోలు దాటగలదు, పైగా ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి కుక్కుతుంది. సామాను ముందు పోగేసి, బ్యాగు చివర కొనండి. మామూలు సామానుతో నాలుగైదు రోజులకు 50 నుంచి 65 లీటర్లు చాలు. తేలిక సామాను ఉన్నవాళ్లు 40 లీటర్లతో కూడా వెళ్తారు. ఫ్రేము లేని బ్యాగులు తక్కువ బరువులకే. వాటిలో 10 కిలోలు దాటించి భుజాలను తిట్టుకోవద్దు.

షాపులో హాయిగా ఉంది, దారిలో నరకం

ఖాళీ బ్యాగు ఎవరికైనా హాయిగానే ఉంటుంది. 8 నుంచి 10 కిలోలు వేసి 20 నిమిషాలు నడవండి, మెట్లెక్కి దిగండి, ఒకసారి తల పైకెత్తి చూడండి. తల వెనక భాగం బ్యాగు మూతకు కొట్టుకుంటే సామాను మరీ పైదాకా ఉన్నట్టు, లేదా బ్యాగు మీకు పొడుగు. ఇంటికి తెచ్చాక మీ సొంత సామాను నింపి ఇదంతా మరోసారి చేయండి. ట్యాగు మాత్రం అప్పటిదాకా తెంచకండి.