సెంటు స్థలానికి కంచె ఎంత పడుతుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పట్టాల్లో స్థలాన్ని డిసిమిల్‌లో రాస్తారు, మనవాళ్లు సెంటంటారు. రెండూ ఒకటే: ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు. ఈ అంకెని నేరుగా నాలుగుతో గుణించేస్తే కంచె లెక్క రాదు, అది వైశాల్యం. స్థలం చదరంగా ఉందనుకుంటే, ముందు వర్గమూలం తీయండి. భుజం 20.87 అడుగులు, దాన్ని నాలుగుతో గుణిస్తే చుట్టుకొలత దాదాపు 83.5 అడుగులు.

ఎక్కువమంది దెబ్బతినేది అంగుళాల దగ్గరే. టేపు మీద 20 అడుగుల 10 అంగుళాలు చూసి ఫోన్లో 20.10 అని కొడతారు. నాలుగుతో గుణిస్తే 80.4 వస్తుంది. నిజానికి 83 అడుగుల 4 అంగుళాలు. మూడడుగుల వల తక్కువ! అంగుళాల్ని 12తో భాగించాకే కలపాలి.

నాలుగు వైపులూ సమానమైనంత మాత్రాన చదరం కాదు, మూలలు వాలిపోయి ఉండొచ్చు. చుట్టుకొలత మారదు గానీ లోపలి స్థలం తగ్గుతుంది. రెండు కర్ణాలూ తాడుతో కొలవండి, సెంటుకైతే రెండూ 29 అడుగుల 6 అంగుళాల దగ్గర రావాలి.

నాలుగు సెంట్ల చదరానికి వల నాలుగింతలు కొనకండి. భుజం రెట్టింపే, కాబట్టి 167 అడుగులు చాలు. గేటు వెడల్పు అందులోంచి తీసేయండి.