సైలెన్సర్, ఫిల్టర్ మార్చిన బండితో చలికాలంలో అరకు బయలుదేరే ముందు

ఈ మధ్య రణస్థలం దాటాక జాతీయ రహదారి మీద నిండు వేగంతో పోతున్న ఒక యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఇంజను ఉన్నట్టుండి పట్టేసింది. వెనుక చక్రం బిగుసుకుపోయి బండి జారిపడింది, నడుపుతున్న కుర్రవాడి మణికట్టు విరిగింది. వెనుక లారీ ఏదీ లేదు కనుక అంతటితో పోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపున నిలువునా గీతలు పడి ఉన్నాయి, ప్లగ్గు పింగాణీ సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఆ బండికి కొత్త సైలెన్సర్ వేసి, ఫిల్టర్ డబ్బా తీసేసి, శంకు ఆకారపు ఫిల్టర్ బిగించి ఎంతో కాలం కాలేదు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ లోపల, నిండు వేగానికి పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రపు ఇత్తడి ముక్క మెయిన్ జెట్ మాత్రం కంపెనీ ఇచ్చిన పాతదే.

కార్తీక వనభోజనాల నుంచి సంక్రాంతి దాకా విజయనగరం, శ్రీకాకుళం కుర్రకారు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కే కాలమిది. హెల్మెట్, బ్రేకులు, టైర్ల సంగతి అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ రాయడం లేదు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్6 బండ్లు దాదాపు అన్నీ కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి కాబట్టి ఈ మాటలు వాటికి వర్తించవు.

బండ్లను పాడుచేసిన తప్పు ఒక్కటే, దాన్ని పదేపదే చూస్తున్నాను. సైలెన్సరూ ఫిల్టరూ మార్చి, బండి స్టార్ట్ చేసి, కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూను అటూ ఇటూ తిప్పి, స్లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పటి ఇంజను తిరుగుడు) నిలకడగా రాగానే సెట్టింగ్ అయిపోయిందని చేతులు తుడుచుకోవడమే ఆ తప్పు. ఆ స్క్రూకు, దానికి తోడుండే చిన్న జెట్టు పైలట్ జెట్‌కు యాక్సిలరేటర్ సుమారు పావు వంతు తిరిగేదాకానే పెత్తనం. అక్కడి నుంచి ముప్పావు వరకు కార్బురేటర్ లోపలి సూదిది, ఆపైన మెయిన్ జెట్‌ది. భోగాపురం దగ్గర రోడ్డు ఖాళీగా ఉందని మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ స్క్రూ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కొత్త సైలెన్సర్, ఫిల్టర్ వల్ల గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమం సరిగ్గా అక్కడే పిస్టన్‌ను కాలుస్తుంది.

ఇలాంటి పలచని మిశ్రమంతో బండి మొదట్లో బాధపడుతున్నట్టు కనిపించకపోవచ్చు, పైగా పికప్ పదునెక్కినట్టు, మైలేజీ కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. ఆ సంతోషంలోనే మనిషి జెట్టు సంగతి మరచిపోతాడు. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ బండికి ప్రమాదం రెట్టింపు, ఎందుకంటే పెట్రోలు తగ్గిన మేరకు ఆయిల్ కూడా తగ్గుతుంది.

చలి దీన్ని ఇంకా పెంచుతుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కనుక మే నెల ఎండలో సరిపోయిన జెట్టు డిసెంబరు తెల్లవారుజామున చాలకపోవచ్చు. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులే చాలు. అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి, కనుక అదే జెట్టుతో మిశ్రమం మరికొంత పలచన అవుతుంది. సైలెన్సర్, ఫిల్టర్, చలి, ఇథనాల్ నాలుగూ ఒకే వైపు లాగుతున్నప్పుడు స్లో బాగుందన్న మాటకు విలువ లేదు.

జెట్టు మార్చేటప్పుడు ఎప్పుడూ పెద్ద సైజుతో మొదలుపెట్టి కిందకు దిగాలి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పోతుంది; తక్కువైతే ఇంజనే పోతుంది. మెయిన్ జెట్ తేల్చుకున్న తరువాతే సూదికి, చివరగా స్క్రూకు రావాలి. సూది క్లిప్పును ఒక గాడి కిందకు దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. దీన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకొని మరింత పలచన చేసుకున్నవారు ఉన్నారు. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి బిగించినప్పుడు, ఇంజను వైపు ఉంటే బయటికి వదిలినప్పుడు పెట్రోలు పెరుగుతుంది. ఇక వాక్యూమ్ స్లైడ్ (ఇంజను పీల్పుకు తనంతట తానే లేచే స్లైడ్) ఉండే కార్బురేటర్‌కు శంకు ఫిల్టర్ పెట్టి సరిగా సెట్ చేయడం కష్టం. నా మాట వింటే వాటికి ఫిల్టర్ డబ్బా ఉంచేయండి.

పాత జెట్టును తీగతోగానీ డ్రిల్లుతోగానీ పెద్దది చేయనివ్వకండి. సైజు అంకె లేని జెట్టు కొనకండి. ఇత్తడి జెట్టుకు సరిపడని స్క్రూడ్రైవర్ వాడకండి. కార్బురేటర్ విప్పే ముందు పెట్రోల్ ట్యాప్ కట్టండి, ఇంజను చల్లారనివ్వండి, దరిదాపుల్లో బీడీ వెలిగించనివ్వకండి. జెట్టు మార్చే ముందే కార్బురేటర్‌ను ఇంజనుకు కలిపే మానిఫోల్డ్ రబ్బరు పగిలిందేమో చూడండి. అక్కడ గాలి పడుతుంటే ఏ జెట్టు వేసినా లెక్క తప్పుతుంది. సైలెన్సర్ గాస్కెట్ కూడా చూడండి. టెక్కలి వైపు గ్రానైట్ లారీల దుమ్ములో తిరిగే బండికి నూనె పట్టించని ఫోమ్ ఫిల్టర్ వాడకండి. ప్లగ్గు రంగు చూడాలంటే కొత్త ప్లగ్గు వేయండి, నిండు యాక్సిలరేటర్ మీద కొంతదూరం పోయి, క్లచ్ పట్టి అప్పుడే ఇంజను ఆపేయండి; స్లో మీద నడిపి ఇంటికి తెచ్చి చూసే రంగు మీకు స్లో గురించే చెబుతుంది. ఈ పరీక్ష హైవే మీద చేయకండి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి పలచన కనుక అదే జెట్టుతో పెట్రోలు ఎక్కువై బండి బరువుగా లాగుతుంది. అక్కడ చిన్న జెట్టు వేయించుకొని అదే జెట్టుతో కిందకు దిగకండి. అనుమతి లేకుండా బండి మార్చితే మోటారు వాహనాల చట్టం 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చని కూడా తెలుసుకోండి. స్క్రూ తిప్పి సెట్ చేశానన్న మెకానిక్‌ను మెయిన్ జెట్ అంకె అడగండి. చెప్పలేకపోతే ఆ బండి యాక్సిలరేటర్‌ను సగానికి మించి తిప్పకండి.

వేగంలో ఉండగా ఇంజను శబ్దం మారి, బండిని ఎవరో వెనక్కి పట్టినట్టనిపిస్తే కారణం వెతకకండి, వెంటనే క్లచ్ పట్టి పక్కకు రండి. చల్లారాక కిక్ కొడితే అది మళ్లీ స్టార్ట్ కావచ్చు. అయినా దాన్ని నడుపుకొంటూ ఇంటికి రాకండి, ట్రాలీ ఆటోలో వేయించండి.