పాత పీసీ ఆటలు కొత్త కంప్యూటర్‌లో మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ప్రిన్స్ ఆఫ్ పర్షియా, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, వైస్ సిటీ, క్రికెట్ 07. ఒకప్పుడు నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడినవాళ్లు ఇప్పుడు సొంత ల్యాప్‌టాప్‌లో వీటిని మళ్లీ వెతుక్కుంటున్నారు. వెతుక్కోవడం న్యాయమే, ఈ ఆటల్లో పస ఇంకా అలాగే ఉంది. మారినవి విండోస్, ప్రాసెసర్, స్క్రీన్. ఆట ఏ వేగానికి, ఏ ఆకారానికి తయారైందో అక్కడికి దాన్ని తిరిగి చేర్చడమే మన పని. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద చెప్పే పరిష్కారాలన్నీ సులువుగా అర్థమవుతాయి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఆడి చూసి, తర్వాతే ఇంకోదానికి వెళ్లండి. నాలుగు ప్యాచ్‌లు ఒకేసారి వేస్తే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

డబుల్ క్లిక్ చేస్తే అసలు తెరుచుకోదు

ముందు ఆట వయసు చూడండి. డాస్ (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన సిస్టమ్) కాలం నాటిదైతే అది చాలావరకు 16 బిట్ ప్రోగ్రామ్, అంటే పాతకాలపు ప్రాసెసర్ల కోసం రాసింది. 64 బిట్ విండోస్‌లో దాన్ని నడిపే భాగమే లేదు, విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. కంపాటిబిలిటీ మోడ్ (పాత విండోస్‌లా నటించే సెట్టింగ్) ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు. డాస్‌బాక్స్ వేసుకోండి, పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్ అది, ఉచితం. ఆట ఫోల్డర్‌ను అందులో మౌంట్ చేసి (ఒక డ్రైవ్‌లా చూపించి) నడిపిస్తే సరి.

విండోస్ 95, 98 నాటి సీడీలతో ఇంకో చిక్కుంది. ఆట 32 బిట్‌దే అయినా ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్‌ది అయి ఉండొచ్చు. అప్పుడు ఆట పనికిరాదని సీడీని పక్కన పడేయకండి. వైన్‌విడిఎం అనే చిన్న ఉచిత టూల్ అలాంటి ఇన్‌స్టాలర్లను 64 బిట్ విండోస్‌లో నడిపిస్తుంది.

ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయి, ఆట తెరవగానే సీడీ పెట్టమని అడుగుతోందా? సీడీ లోపలే ఉన్నా అడుగుతోందా? అయితే కాపీ రక్షణ సమస్య. 2000 ప్రాంతపు చాలా సీడీల్లో సేఫ్‌డిస్క్ ఉండేది. దానికి అవసరమైన డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో విండోస్ 10 నుంచి తీసేసింది. 2015లో ఒక అప్‌డేట్‌తో విస్టా, 7, 8లలో కూడా ఆపేసింది. ఆ డ్రైవర్‌ను ఎక్కడినుంచో తెచ్చి బలవంతంగా ఎక్కించమనే సలహాలు కనిపిస్తాయి, వినకండి. అది తెలిసిన భద్రతా లోపం ఉన్న డ్రైవర్. జీవోజీ, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో అదే ఆట ఆ రక్షణ లేకుండా దొరుకుతుంటే తగ్గింపు రోజుల్లో కొనుక్కోవడం మేలు. ఎవరో కుదించి పెట్టిన ఫ్రీ డౌన్‌లోడ్ కన్నా అది వెయ్యి రెట్లు నయం.

తెరుచుకుంది, కానీ రంగులు పిచ్చిగా ఉన్నాయి

1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో గడ్డి ఊదారంగులో, నీళ్లు ఎర్రగా కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డు పాడైందని కంగారు పడొద్దు. ఆ ఆట వాడేది 256 రంగుల పట్టిక. ఫలానా నంబరుకు ఫలానా రంగు అని అదే నిర్ణయించుకుంటుంది. వెనక డెస్క్‌టాప్‌ను చూసుకునే ఎక్స్‌ప్లోరర్ మధ్యలో దూరి ఆ పట్టికలో కొన్ని గళ్లను తన రంగులతో నింపేస్తుంది. విండోస్ 7 రోజుల్లో స్క్రీన్ రిజల్యూషన్ విండో తెరిచి పెట్టి, దాన్ని అలాగే వదిలేసి ఆట మొదలుపెట్టేవారు. వింతగా అనిపించినా పనిచేసేది. ఇప్పుడు అంతకన్నా నికరమైన దారి సిఎన్‌సి-డిడ్రా అనే టూల్. దాని ఫైళ్లను ఆట ఫోల్డర్‌లో పెడితే ఆ పాత రంగుల పద్ధతిని కొత్త గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మారుస్తుంది.

ఈ తంటాలేవీ వద్దనుకుంటే ఇదే ఆటకు 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ ఉంది. పాత ఆటలకు వచ్చే కొత్త ముద్రణలు చాలావరకు నన్ను నిరాశపరిచాయి, ఇది మాత్రం నిజంగా బాగుంది. 2022లో భారతదేశం మీద ప్రత్యేకంగా ఒక విస్తరణ కూడా వచ్చింది, అందులో ద్రవిడులుగా ఆడొచ్చు.

మరీ వేగంగా పరిగెడుతోంది, లేదా కార్లు వింతగా ప్రవర్తిస్తున్నాయి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. రంగు తేడా కంటికి వెంటనే తెలుస్తుంది. వేగం తేడా తెలియదు, "చిన్నప్పుడు బాగా ఆడేవాళ్లం, ఇప్పుడు చేతకావట్లేదు" అని మనల్ని మనమే అనుకుని వదిలేస్తాం.

తొలినాళ్ల డాస్ ఆటల్లో కొన్ని గడియారం చూసుకోవు, ప్రాసెసర్ ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా పోతాయి. 1990 నాటి వింగ్ కమాండర్ అలాంటిదే. పాత 386, 486 క్యాబినెట్ల మీద టర్బో అని ఒక బటన్ ఉండేది గుర్తుందా? దాన్ని నొక్కి యంత్రాన్ని నెమ్మది చేసుకునేవాళ్లం. డాస్‌బాక్స్‌లో ఆ పని కంట్రోల్ ఎఫ్11తో అవుతుంది. నొక్కిన కొద్దీ సైకిల్స్ (డాస్‌బాక్స్ ప్రాసెసర్ వేగం) తగ్గుతాయి, కంట్రోల్ ఎఫ్12తో పెరుగుతాయి. ఆటలో మనిషి నడక సహజంగా కనిపించేదాకా కొంచెం కొంచెంగా మార్చండి. కుదిరిన అంకెను కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రాసిపెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

2003లో పీసీకి వచ్చిన వైస్ సిటీది ఇంకో రకం ఇబ్బంది. కార్ల కదలిక లెక్కలు సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు గీస్తోందో దానికి ముడిపడి ఉన్నాయి. ఆట సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ లిమిటర్ ఆఫ్ చేస్తే చూడ్డానికి నున్నగానే ఉంటుంది, కానీ బండి మీద పట్టు తప్పుతుంది. లిమిటర్ ఆన్ చేయండి. 30 ఫ్రేమ్‌లు తక్కువని బాధపడకండి, ఆ మిషన్లన్నీ ఆ వేగంలోనే కుదిర్చినవి. పైన సైలెంట్‌ప్యాచ్ అనే సవరణ వేస్తే ఇతర చిన్నా చితకా లోపాలు కూడా సర్దుకుంటాయి. ఆట మొదట్లోనే క్రాష్ అవుతుంటే డాక్యుమెంట్స్‌లో వైస్ సిటీ యూజర్ ఫైల్స్ ఫోల్డర్ తెరిచి, .సెట్ అని ముగిసే ఫైల్‌ను తీసేయండి. అందులో ఉండేవి స్క్రీన్, కీల సెట్టింగ్‌లు మాత్రమే, మీ సేవ్‌లకు ఏమీ కాదు.

వేగం గురించి ఇంత పట్టుబట్టడానికి ప్రిన్స్ ఆఫ్ పర్షియానే సాక్ష్యం. జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కో ఫ్రేమ్‌గా గీసి 1989లో ఈ ఆట చేశాడు. అందుకే రాకుమారుడికి బరువుంది. పరుగు అందుకోవడానికి రెండడుగులు కావాలి, ఆగడానికి ఇంకొంత చోటు కావాలి. షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ రాతిపలక అంచుకు చేరడం, అక్కడినుంచి దూకి అవతలి అంచును వేళ్లతో అందుకోవడం, ఎక్కీ ఎక్కగానే కాళ్ల కింద పలక వదులై కదలడం... ఇదంతా వేగం మీద ఆధారపడిన ఆనందం. ఎనిమిదో అంకంలో తలుపు మూసుకుపోయి ఇరుక్కున్నప్పుడు ఊరికే కాసేపు ఆగితే రాకుమారి పంపిన చిట్టెలుక వచ్చి మీట తొక్కుతుంది. గంటలో ఆట మొత్తం పూర్తిచేయాల్సిన చోట ఆగమని చెప్పే ధైర్యం ఎంత ఆటగాడి మనసు తెలిసినవాడిదో చూడండి. డాస్‌బాక్స్ వద్దనుకుంటే ఎస్‌డీఎల్‌పాప్ అనే ఉచిత రూపం ఉంది. అదే ఆట, అదే నడక, ఎఫ్6తో సేవ్, ఎఫ్9తో మళ్లీ అక్కడినుంచి. పిల్లలకు మొదటిసారి చూపించేవాళ్లకు అది చాలా అనువు.

మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు

పాత మానిటర్లు 4:3, ఇప్పటివి 16:9. బొమ్మను పక్కలకు సాగదీస్తోంది, అంతే. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో స్కేలింగ్‌ను యాస్పెక్ట్ రేషియోకు మార్చండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. డాస్‌బాక్స్‌లో అయితే యాస్పెక్ట్ అనే సెట్టింగ్‌ను ట్రూ చేయాలి. 320×200 బొమ్మలు ఆ రోజుల్లో నిలువుగా సాగి 4:3లో కనిపించేవి, ఇది చేయకపోతే రాకుమారుడు పొట్టివాడవుతాడు. వైస్ సిటీ, 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ లాంటి త్రీడీ ఆటలకు స్క్రీన్ నిండా కావాలంటే థర్టీన్ఏజీ పేరుతో వచ్చే వైడ్‌స్క్రీన్ ఫిక్స్‌లు ఉన్నాయి. అవి బొమ్మను సాగదీయవు, పక్కల ఇంకొంచెం రోడ్డు చూపిస్తాయి.

శబ్దాలు వస్తున్నాయి, సంగీతం లేదు

1996 నాటి క్వేక్ లాంటి ఆటల్లో సంగీతం సీడీలో పాటల ట్రాక్‌లుగానే ఉండేది. ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే అవి రావు. ఐఎస్ఓగా (సీడీలోని ఫైళ్లను మాత్రమే ఒక ఫైల్‌లో పెట్టే నకలుగా) తీసినా రావు. బిన్, క్యూ రూపంలో ఇమేజ్ (పాటల ట్రాక్‌లతో సహా సీడీ మొత్తానికి నకలు) తీసుకుని దాన్నే మౌంట్ చేయండి.

సేవ్ చేసింది మాయమవుతోంది

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి విండోస్ ఇప్పుడు ఒప్పుకోదు, ఆ ఫైళ్లను చాటుగా వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. ఆటను డీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

క్రికెట్ 07లో మనవాళ్ల పేర్లు తప్పుగా ఉన్నాయి

ఇది లోపం కాదు. ఆ ఆటకు ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్ల హక్కులే ఉన్నాయి, మిగతా జట్లలో పేర్లు మార్చి పెట్టారు. అభిమానులు చేసిన రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) ఫైళ్లు దొరుకుతాయి, వాటిని డాక్యుమెంట్స్‌లోని ఆట ఫోల్డర్‌లో వేసి ఆటలోంచి లోడ్ చేసుకోవాలి. ఈఏ అనే ఆటల కంపెనీ నుంచి వచ్చిన చివరి క్రికెట్ ఆట ఇదే. ఇంతకాలం దాన్ని బతికించింది ఆ అభిమానులే కాబట్టి, ఎవరి ప్యాచ్ వాడితే వాళ్లకు ఒక ధన్యవాదం రాయండి.

ఇద్దరం కలిసి ఆడదామంటే ఒకరి గేమ్ ఇంకొకరికి కనిపించదు

పాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటివి నెట్‌వర్క్ కోసం డైరెక్ట్‌ప్లే అనే విండోస్ భాగాన్ని వాడతాయి, కొత్త విండోస్‌లో అది ఆఫ్‌లో ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, లెగసీ కాంపొనెంట్స్ కింద దానికి టిక్ పెట్టండి. రెండు కంప్యూటర్లలోనూ ఆట ఒకే వెర్షన్ అయి ఉండాలి. వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్‌గా మార్చి, ఫైర్‌వాల్‌లో ఆటకు అనుమతి ఇవ్వండి. అప్పటికీ కనిపించకపోతే వీపీఎన్, వర్చువల్‌బాక్స్ లాంటివి పెట్టిన అదనపు నెట్‌వర్క్ అడాప్టర్లను ఆడినంతసేపూ డిజేబుల్ చేయండి. ఆట చాలాసార్లు తప్పుడు అడాప్టర్‌ను పట్టుకుని దాంట్లో వెతుకుతుంటుంది.